ఫుడ్ ట్రక్కుల దగ్గర ఒక రాత్రి: దేన్ని ఎంచుకోవాలి, ఏ వరుసలో తినాలి

మీరు నలుగురు స్నేహితులు కలిసి, రాత్రిపూట ఫుడ్ ట్రక్కులు బారులు తీరే చోటికి మొదటిసారి వెళ్లి, వీలైనన్ని రకాలు రుచి చూడాలనుకుంటున్నారు. మంచి ట్రక్కును ఎలా గుర్తుపట్టాలి, ఎన్ని చోట్ల తినవచ్చు, ఏది ముందు తినాలి, ఏది తరవాత తినాలి, కడుపు పాడవకుండా ఏం చూసుకోవాలి అని అడిగారు. మీలో ఒకరికి వేరుశెనగ పడదని, మిగిలినవి ఇంటికి పట్టుకెళ్లవచ్చా అని కూడా రాశారు. నేను పదకొండేళ్లు ట్రక్కు లోపల పొయ్యి ముందు నిలబడి వండాను. ఆ తరవాత కొత్తగా ట్రక్కు పెట్టుకునేవాళ్లకు వంటగది అమర్చుకోవడం నేర్పుతున్నాను. అందువల్ల కిటికీకి లోపలి వైపు నుంచి చూసినవాడిగానే సమాధానం చెబుతాను.

అన్నిటికన్నా ముందు చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఫుడ్ ట్రక్కు అంటే చక్రాల మీద పెట్టిన హోటలు అనుకుని వెళ్తే నిరాశ పడతారు. అందులో ఉండేది ఒకటో రెండో పొయ్యిలు, లెక్క ప్రకారం నింపుకొచ్చిన నీళ్లు, బల్ల కింద ఇరికించిన చిన్న ఫ్రిజ్, ఇద్దరు ఒకరినొకరు తోసుకోకుండా తిరగలేనంత చోటు. ఈ ఇరుకును ఒప్పుకొని, దానికి తగ్గట్టు ఒకటి రెండు వంటకాలనే పట్టుకుని, వాటిలో చేయి తిరిగేదాకా చేసినవాడి తిండి పెద్ద హోటళ్లలో కూడా దొరకదు. ఈ ఇరుకును పట్టించుకోకుండా నలభై రకాలు బోర్డు మీద రాసుకున్నవాడు, వాటిలో ముప్పై అయిదు రకాలను పగలే వండి తెచ్చి వెచ్చబెట్టి ఇస్తాడు. అంతకన్నా అతను చేయగలిగిందీ లేదు. కాబట్టి ప్రతి ట్రక్కు ముందూ మీరు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: మేం అడిగిన తరవాత నిప్పు మీదికి వెళ్లేది ఇక్కడ ఏది? దానినే తీసుకోండి. నేను కింద రాసేదంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగేదే.

ట్రక్కులో పని ఎలా నడుస్తుందో కొంచెం తెలిస్తే ఈ ప్రశ్న ఎందుకు వేయమంటున్నానో అర్థమవుతుంది. కూరగాయలు తరగడం, మాంసానికి మసాలా పట్టించడం, సాసులు కాచడం వంటివి చాలావరకు పగటిపూట వేరే వంటశాలలో జరిగిపోతాయి. ట్రక్కులోకి వచ్చేసరికి అవన్నీ మూతలు పెట్టిన డబ్బాల్లో చల్లగా ఉంటాయి. రాత్రి ట్రక్కులో జరగవలసింది ఆఖరి అయిదారు నిమిషాల పని, అంటే పెనం మీద కాల్చడం, నూనెలో వేయించడం, ఒకదానితో ఒకటి కలిపి చేతికి ఇవ్వడం. నీళ్ల సంగతి కూడా చూడండి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ నమూనా నియమావళి ప్రకారం ఇటువంటి బండిలో వాడిన నీటిని పట్టే తొట్టి, మంచినీటి తొట్టి కంటే 15 శాతం పెద్దదిగా ఉండాలి. చేతులు కడిగిన నీళ్లకు సింకులో కొట్టుకుపోయే జిడ్డు, మంచు కరిగిన నీళ్లు తోడవుతాయి కాబట్టి మురుగు ఎక్కడా పొంగి పొర్లకుండా ఈ ఏర్పాటు. అంటే మంచినీళ్లు ఎన్ని ఉన్నాయో ఆ రాత్రికి చేతులు కడుక్కోవడం, గిన్నెలు కడగడం అంతవరకే సాగుతుంది. గిన్నెలు తక్కువగా మురికయ్యే వంటకాన్ని ఎంచుకున్న వంటవాడు చేతులు ఎక్కువసార్లు కడుక్కోగలుగుతాడు. చిన్న మెనూ వల్ల రుచి పెరుగుతుందని అందరూ అంటారు కానీ, శుభ్రత కూడా దాని వల్లనే పెరుగుతుందన్నది లోపల పనిచేసినవాళ్లకే తెలుస్తుంది.

ఇక వేళ విషయం. చాలామంది రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది ప్రాంతంలో, జనం మంచి జోరుమీద ఉన్నప్పుడు వెళ్తారు. సందడి చూడాలంటే అది సరైన సమయమే. తినాలంటే మాత్రం ట్రక్కులు కిటికీ తెరిచిన అరగంట, ముప్పావు గంట తరవాత చేరుకోవడం మంచిదని నా అభిప్రాయం. మరీ ముందుగా వెళ్తే పెనం ఒకచోట కాగి, ఒకచోట కాగక ఉంటుంది. ముప్పావు గంటకల్లా సెగ అంతటా ఒకేలా పరుచుకుంటుంది, వంటవాడి చేయి కూడా లయలో పడుతుంది, క్యూ ఇంకా పెరగదు. రద్దీ పెరిగాక ఏం జరుగుతుందో చెబుతాను. పెనం మీద ఆరు ముక్కలు వేసేచోట పద్దెనిమిది వేయక తప్పదు. చల్లటి మాంసం అంత ఒక్కసారిగా పడేసరికి పెనం వేడి పడిపోతుంది. ముక్కల నుంచి ఊరిన నీరు ఆవిరై పోయే వీలు లేక అక్కడే నిలుస్తుంది. నీరు ఉన్నంతసేపూ ఆ పైపొర 100 డిగ్రీలు దాటదు, కాలిన రుచి, ఎర్రటి పొర రావాలంటే 140 డిగ్రీలు దాటాలి. అందుకే రద్దీలో తిన్న మాంసం కాలినట్టు కాక ఉడికినట్టు, బూడిద రంగులో, చప్పగా ఉంటుంది. నూనె సంగతీ అంతే. 175 నుంచి 190 డిగ్రీల మధ్య ఉండవలసిన నూనెలో రెండు జల్లెడల సరుకు ఒకేసారి దింపితే వేడి తగ్గి, పైపొర గట్టిపడేలోపల ముక్క నూనె పీల్చేసుకుంటుంది. ఒకే ట్రక్కు, అదే వంటవాడు, అవే దినుసులు. ఏడున్నరకు కరకరలాడిన వేపుడు తొమ్మిదింటికి చేతికి జిడ్డు అంటుకుంటూ వస్తుంది. వంటవాడికి కూడా ఇది బాధగానే ఉంటుంది. కిటికీ ముందు నలభై మంది నిలబడి ఉండగా, ముక్కలు నీళ్లు వదులుతున్నాయని తెలిసీ ఇంకో పిడికెడు పెనం మీద వేసిన రాత్రులు నాకూ ఉన్నాయి. అవి తలుచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది.

అక్కడికి చేరగానే దేనికీ డబ్బు ఇవ్వకండి. ముందు ఒక చుట్టు తిరగండి. పది పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ చుట్టులో ప్రతి ట్రక్కు ముందూ రెండు నిమిషాలు నిలబడి, బోర్డును వదిలేసి లోపలి చేతులను గమనించండి. డబ్బు తీసుకునే చేయి, తిండి ముట్టుకునే చేయి ఒకటేనా? ఒకటే అయితే మధ్యలో కడుక్కుంటున్నారా? చేతులకు గ్లవ్స్ ఉన్నాయి కదా అని నిశ్చింత పడవద్దు. గ్లవ్స్ తొడుక్కుని చిల్లర తీసుకుని, ముఖం తుడుచుకుని, అవే చేతులతో రొట్టె అందించేవాళ్లను నేను ఎందరినో చూశాను. గ్లవ్స్ లేకపోయినా ప్రతి పచ్చిమాంసం తరవాతా సబ్బుతో చేయి కడుక్కునేవాడు వాళ్లకన్నా వందరెట్లు నయం. చేతులు కడుక్కునే సింకు కనిపిస్తే అందులో ఏముందో చూడండి. డబ్బాలు, గరిటెలు, తడిగుడ్డలు అందులో పోగుపడి ఉంటే, ఆ సాయంత్రం అక్కడ ఎవరూ చేతులు కడుక్కోలేదని నిర్ధారణ చేసుకోవచ్చు. పచ్చిమాంసం పట్టిన పట్టకారుతోనే కాలిన మాంసాన్ని కూడా తీసి పెడుతుంటే అక్కడ ఆగకండి, ఎంత పెద్ద క్యూ ఉన్నా సరే.

క్యూ పొడవును బట్టి ట్రక్కును ఎంచుకోవడం అందరూ చేసే పని. పొడవు కంటే కదలికను చూడాలి. పదిమందే ఉన్నా కదలని క్యూ అంటే లోపల వంట దారితప్పిందని అర్థం. పాతికమంది ఉన్నా ఒక్కొక్కరుగా నిమిషానికో అడుగు వేస్తుంటే అక్కడ సరుకు నిలవ ఉండదు. డబ్బాలో ఉన్నది అయిపోగానే ఫ్రిజ్ నుంచి కొత్తది వస్తుంది. బోర్డు మీద ఒకటి రెండు వంటకాలను చెరిపేసి ‘అయిపోయింది’ అని రాసి ఉంటే నాకు ఆ ట్రక్కు మీద గౌరవం పెరుగుతుంది. ఆ పూటకు తెచ్చుకున్నది ఆ పూటే అమ్ముతున్నారన్నమాట.

ఇక్కడ ఒక వంటామె గురించి చెప్పాలి. నేను పని నేర్చుకునే రోజుల్లో మా పక్క ట్రక్కు ఆవిడది. పల్చటి రొట్టెలు కాల్చి, మధ్యలో కూరగాయలో మాంసమో పెట్టి చుట్టి ఇచ్చేది. ఆవిడ దగ్గర దొరికేవి అవి మూడే రకాలు. ప్రతి వాయికి ముందు గరిటె అంచుతో పెనం గీకేది. ఆ గీకిన మాడును పక్కనున్న సందులోకి నెట్టి, మడిచిన గుడ్డతో ఒక్కసారి తుడిచేది. అప్పుడు వేలి కొసలు నీళ్లలో ముంచి పెనం మీద చిలకరించి, తల కొంచెం వంచి వినేది. చుక్క పరుచుకుని సుయ్‌మని ఆరిపోతే ఇంకా ఆగాలి. చుక్క ముత్యంలా గుండ్రంగా మారి పెనం మీద పరుగెడితే, అంటే లోహం సుమారు 200 డిగ్రీలకు చేరితే, మంట ఒక పిసరు తగ్గించి రొట్టె వేసేది. క్యూలో ఎంతమంది ఉన్నా ఈ వరుస తప్పించేది కాదు. తొందరపెట్టినవాళ్లకు మెల్లగా, "కాగనివ్వండి బాబూ, మీకోసమే" అనేది. మీరు తిరిగే చుట్టులో ఇటువంటి మనిషి కనబడితే, వండేదేమిటో తెలియకపోయినా అక్కడ తినండి.

ఎన్ని ట్రక్కులు అన్నదానికి నా లెక్క ఇది: నలుగురికి అయిదు, మహా అయితే ఆరు. ఒక్కో ట్రక్కు దగ్గర ఒక్క వంటకం, అదీ ఒక్క ప్లేటు, నలుగురూ పంచుకోవాలి. కడుపు నిండిందన్న కబురు మెదడుకు పూర్తిగా అందడానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. మొదటి రెండు ట్రక్కుల దగ్గర ఎవరి ప్లేటు వాళ్లు తీసుకుని ఆబగా తినేస్తే, మూడో దాని దగ్గరికి వచ్చేసరికి పీకల దాకా నిండిపోయి, ఆ తరవాత తినేదేదీ నోటికి తెలియదు. ట్రక్కుకూ ట్రక్కుకూ మధ్య కనీసం పావుగంట నడవండి, కూర్చోండి, మాట్లాడుకోండి. ఇద్దరిద్దరుగా విడిపోయి రెండు క్యూలలో నిలబడితే కాలం కలిసివస్తుందని చాలామంది అంటారు. నాకది నచ్చదు, ఎందుకంటే రెండు ప్లేట్లు ఒకేసారి చేతికి వస్తే ఒకదాన్ని తినేలోపు రెండోది చల్లారిపోతుంది. వేపుడు అయితే మరీ నష్టం. వేయించిన వస్తువు నూనెలోంచి తీసిన తరవాత కూడా లోపలి నీరు ఆవిరిగా బయటికి వస్తూనే ఉంటుంది. దాన్ని డబ్బాలో పెట్టి మూత వేస్తే ఆ ఆవిరి పోయే దారి లేక పైపొరలోకే ఇంకి, కరకరలాడవలసింది నానిపోతుంది. నాలుగైదు నిమిషాలు చాలు, ఎంతో శ్రమపడి తెచ్చిన కరకర పోవడానికి. అందుకని వేపుడు తీసుకుంటే మూత వద్దని చెప్పండి, కిటికీకి నాలుగు అడుగుల దూరంలోనే నిలబడి తినండి. నోరు కాలకుండా ఒక్క నిమిషం ఆగడం మాత్రం అవసరమే.

తినే వరుస గురించి మీరు అడిగినందుకు సంతోషించాను, ఎందుకంటే దాన్ని ఎవరూ పట్టించుకోరు. పచ్చిగా, పుల్లగా, చల్లగా ఉండేవి ముందు తినాలి. నాలుక అప్పటికి తాజాగా ఉంటుంది, చిన్న చిన్న తేడాలు కూడా తెలుస్తాయి. ఆ తరవాత ఆవిరి మీద ఉడికినవి, పిండివంటలు. తరవాత నిప్పుల మీద కాల్చినవి. ఆపైన నూనెలో వేయించినవి. కారం ఎక్కువగా ఉన్నదాన్ని తీపికి ఒక మెట్టు ముందు పెట్టుకోండి. మిరపలోని కాప్సైసిన్ నోటిలో వేడిని గుర్తించే నరాల కొనలనే పట్టుకుంటుంది, అందుకే కారం తింటే నిజంగా కాలినట్టు అనిపిస్తుంది. ఒకసారి అలా మండిన నోటికి ఆ తరవాత తిన్న సున్నితమైన రుచి ఏదీ తెలియదు. కాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు కాబట్టి ఎన్ని నీళ్లు తాగినా మంట నోరంతా పరుచుకోవడమే తప్ప తగ్గదు. పాలో పెరుగో తీసుకుంటే వాటిలోని ప్రొటీనూ కొవ్వూ కలిసి దాన్ని పట్టి లాగేస్తాయి. కారం ప్లేటుకు ముందే చల్లటి పాల పానీయం ఏదైనా చేతిలో పెట్టుకోండి.

మరో చిన్న సంగతి. పొగ మధ్య ఇరవై నిమిషాలు నిలబడితే ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. మనం రుచి అనుకునేదాంట్లో పెద్ద భాగం వాసనే కాబట్టి తిండి చప్పబడినట్టు అనిపిస్తుంది. ప్లేటు చేతికి వచ్చాక గాలి వచ్చే వైపుకు పదడుగులు నడిచి తినండి. తేడా మీకే తెలుస్తుంది.

ఇప్పుడు కడుపు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో సురక్షిత ఆహారానికి అయిదు సూత్రాలంటూ విడుదల చేసిన పోస్టరు ఇప్పటికీ నేను శిక్షణలో మొదటి రోజు గోడకు అంటిస్తాను. అందులోని లెక్క తేలిక: వండిన తిండి 60 డిగ్రీల పైన వేడిగా ఉండాలి, లేదా 5 డిగ్రీల లోపు చల్లగా ఉండాలి. మధ్యలో, మామూలు గది వేడిలో, రెండు గంటలకు మించి ఉండకూడదు. మాంసం లోపల 70 డిగ్రీలకు చేరేదాకా ఉడకాలి. మీ దగ్గర థర్మామీటరు ఉండదు, ఉన్నా కిటికీ ముందు బయటికి తీయలేరు. దానికి బదులు కంటితో చూడవలసినవి కొన్ని ఉన్నాయి. మూత తీసినప్పుడు ఆవిరి గుప్పున లేవాలి. ప్లేటులోని ముక్కను విరిస్తే నడిమధ్య కూడా చేయి పెట్టలేనంత వేడి ఉండాలి. పైన వేడి, లోపల గోరువెచ్చగా ఉంటే అది పాతదాన్ని వెచ్చబెట్టి ఇచ్చినది. మొహమాటపడకుండా వెనక్కి ఇవ్వండి. మంచి వంటవాడు మాట్లాడకుండా ఇంకొకటి చేసి ఇస్తాడు. గుడ్డుతో, పెరుగుతో, పాలతో చేసిన సాసులు కిటికీ అంచున రాత్రంతా బయటే నిలబడి ఉంటే వాటిని ముట్టుకోకండి, మంచులో గుచ్చి ఉంటే తీసుకోవచ్చు. పానీయంలో వేసే మంచును గ్లాసుతోనో చేత్తోనో తోడుతుంటే మంచు లేకుండా ఇవ్వమనండి.

అందరూ మాంసం గురించి భయపడతారు. అన్నం గురించి ఎవరూ భయపడరు, నిజానికి అన్నం గురించే జాగ్రత్త పడాలి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు, అవి ఉడకబెట్టినా చావవు. వండిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే ఆ బీజాలు మొలిచి, సూక్ష్మజీవులు పెరిగి, వాంతులు తెప్పించే విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ ఎంత వేయించినా పోదు. ఒక రాత్రి మా ట్రక్కు జనరేటరు ఆగిపోయి, వేడిగా ఉంచే పెట్టె చల్లబడింది. ఎంతసేపటి క్రితం ఆగిందో ఎవరమూ గమనించలేదు. మూత తీసి చేయి పెడితే అన్నం గోరువెచ్చగా ఉంది. వాసన బాగుంది, రంగు బాగుంది, మెతుకు మెతుకూ విడివిడిగా ఉంది. పెద్ద పెనం మీద బాగా వేయిస్తే ఎవరికీ తెలియదని సహాయకుడు అన్నాడు. మొత్తం పారబోసి, అన్నం వంటకాలు రెండూ బోర్డు మీద చెరిపేశాం. పాడైన తిండి పాడైనట్టు కనబడుతుందనుకోవడం ఎంత ప్రమాదమో ఆ రాత్రి ఆ గిన్నెను చూశాక నాకు బాగా అర్థమైంది. అందుకే ఫుడ్ ట్రక్కు దగ్గర అన్నం తినాలనుకుంటే, అన్నం పెట్టిన పాత్ర మూత కిందనుంచి ఆవిరి వస్తున్నచోట, అదీ సాయంత్రపు మొదటి భాగంలో తినండి. రాత్రి పదకొండు దాటాక వద్దు.

ఒకవేళ ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే, ఆఖరున తిన్న ట్రక్కును నిందించే ముందు గంటలు లెక్కపెట్టండి. స్టఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి విషమైనా, ఇప్పుడు చెప్పిన అన్నం విషమైనా అరగంట నుంచి కొన్ని గంటల లోపలే వాంతులు మొదలవుతాయి. సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి అయితే ఆరు గంటల నుంచి ఆరు రోజుల వరకు ఎప్పుడైనా బయటపడవచ్చు. ముందురోజు ఇంట్లో తిన్న గుడ్డు తప్పును ఫుడ్ ట్రక్కు మోసిన సందర్భాలు ఉంటాయి. ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండండి. నెత్తురు పడినా, జ్వరం బాగా కాసినా, తాగిన నీళ్లు కూడా నిలవకపోయినా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

మీలో వేరుశెనగ పడని ఆ ఒక్కరి విషయం విడిగా, గట్టిగా చెప్పాలి. "ఇందులో వేరుశెనగ ఉందా?" అని అడిగితే ట్రక్కువాళ్లు నిజాయితీగానే లేదంటారు, ఎందుకంటే ఆ వంటకంలో వాళ్లు వేయలేదు. అడగవలసినది వేరే: ఈ నూనెలో ఈ రోజు ఇంకేం వేయించారు, ఈ పెనం మీద ఇంకేం కాల్చారు, ఈ గరిటె ఇంకే సాసులో పెడతారు? ట్రక్కులో చోటు లేదు కాబట్టి ఒకే నూనె, ఒకే పెనం, ఒకే పట్టకారు అన్నిటికీ వాడతారు. కాగే నూనె వేడికి వేరుశెనగలోని ప్రొటీను హాని చేయకుండా పోతుందనుకోవడం తప్పు. పడనివాళ్లకు అది చాలా చిన్న మోతాదులో కూడా చేటు చేస్తుంది. బోర్డు మీద వేరుశెనగ వంటకం ఒక్కటి ఉన్నా ఆ ఒక్కరి వరకు ఆ ట్రక్కును వదిలేయండి. సమాధానం తడబడుతూ వచ్చినా, "ఏం కాదులెండి" అన్న ధోరణిలో వచ్చినా వదిలేయండి. మీరు పంచుకుని తింటారు కాబట్టి ఇంకో జాగ్రత్త కూడా అవసరం: ఆ ఒక్కరి ప్లేటూ చెంచా వేరుగా ఉండాలి, వేరుశెనగ ముట్టినవాళ్ల చేయి ఆ ప్లేటులో పడకూడదు. వైద్యుడు రాసిచ్చిన అడ్రినలిన్ ఇంజెక్షను కారులోనో సంచి అడుగునో కాకుండా ఆ ఒక్కరి జేబులోనే ఉండాలి, దాన్ని ఎలా వాడాలో మిగతా ముగ్గురికీ ముందే చూపించి ఉండాలి. గొంతు బిగుసుకున్నా, ఊపిరి అందకపోయినా, కళ్లు తిరిగినా అలర్జీ మాత్ర వేసి చూద్దామని ఆగకండి. వెంటనే తొడ బయటి వైపు కండరానికి ఇంజెక్షను ఇచ్చి, అంబులెన్సును పిలవండి, నిలబెట్టి నడిపించకండి. ఊపిరి ఆడక ఇబ్బంది పడుతుంటే కూర్చోబెట్టవచ్చు, లేకపోతే పడుకోబెట్టండి. ఇంత చెబుతున్నానంటే భయపెట్టడానికి కాదు. ఈ ఏర్పాటు చేసుకుని వెళ్లినవాళ్లు నలుగురితో కలిసి నిశ్చింతగా తిని రావడం నేను చూశాను.

రాత్రిపూటే ఎందుకు వెళ్లాలి, పగలు వెళ్తే రద్దీ ఉండదు కదా అని మీ చివరి వాక్యంలో అడిగారు. పగలు తినడానికీ మంచి ట్రక్కులు ఉన్నాయి. కానీ ఈ తిండి పుట్టుకే రాత్రి కోసం. 1872లో అమెరికాలోని ప్రావిడెన్స్ నగరంలో వాల్టర్ స్కాట్ అనే ముద్రణ పనివాడు, ప్రావిడెన్స్ జర్నల్ పత్రిక కార్యాలయం ముందు గుర్రపు బండి నిలిపి, కిటికీ గుండా తిండి అమ్మడం మొదలుపెట్టాడు. పెందలాడే హోటళ్లు మూతబడితే రాత్రి షిఫ్టులో పనిచేసేవాళ్లకు వేడిగా తినడానికి ఏమీ దొరికేది కాదు. ఆ లోటు అతనికి స్వయంగా తెలుసు. 2008 నవంబరులో లాస్ ఏంజెలెస్‌లో రాయ్ చోయ్, అతని మిత్రులు కోగి అనే ట్రక్కును మొదలుపెట్టి, కొరియా పద్ధతి మాంసాన్ని మెక్సికోవాళ్ల మడిచిన రొట్టె అయిన టాకోలో పెట్టి అమ్మినప్పుడు కూడా వాళ్ల దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది రాత్రి పొద్దుపోయాక వీధిలో ఉన్నవాళ్లే. ఈ రోజు ఎక్కడ ఆగుతామో ట్విట్టరులో ప్రకటించడం, జనం అక్కడికి వెతుక్కుంటూ రావడం వాళ్లతోనే పెద్ద అలవాటుగా మారింది. మీరూ బయల్దేరే ముందు ట్రక్కుల పేజీలు ఆ సాయంత్రమే చూసుకోండి. ట్రక్కుకు చక్రాలున్నాయి, నిన్న ఉన్నచోట ఇవాళ ఉండాలని లేదు. వాన పడినా, ఎక్కడైనా వేడుక ఉన్నా చోటు మారుతుంది.

ఇంటికి పట్టుకెళ్లడం గురించి: వద్దనే నా సలహా. ఒక్క ప్లేటే పంచుకుంటే మిగలదు కూడా. ఎప్పుడైనా మిగిలితే, వండిన వేళ నుంచి రెండు గంటల లోపల ఫ్రిజ్‌లో పెట్టగలిగితేనే, లోతు లేని గిన్నెలో పల్చగా పరిచి పెట్టి, మర్నాడు పొగలు వచ్చేదాకా వేడిచేసి ఒక్కసారే తినండి. వేపుళ్లు, సాసు కలిపినవి, అన్నం మాత్రం అక్కడే వదిలేయండి. తీపి కోసం ఆఖరి ట్రక్కు దగ్గర ఆగినప్పుడు, అప్పటికప్పుడు పిండి పోసి కాల్చి ఇచ్చేదే అడగండి.